మక్కికి మక్కి: బొగ్గైపోయిన పుస్తకం, గ్రీకు రాని కంప్యూటర్

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీ ఫోన్‌లో ఒక చిన్న పని చేయండి. వాట్సాప్ తెరిచి ఎవరి చాట్‌లోనైనా "ఎలా" అని టైప్ చేసి ఆగండి. పంపక్కర్లేదు. కీబోర్డు పైన రెండు మూడు మాటలు వస్తాయి చూడండి. "ఉన్నావ్" అనో, "ఉన్నారు" అనో. మీరు ఇంకా కొట్టని మాటని అది ముందే మీ చేతిలో పెడుతుంది. జనం మామూలుగా ఏం రాస్తారో దానికి తెలుసు కాబట్టి. మెసేజ్ కొట్టేటప్పుడు ఇది భలే సుఖం. కానీ రెండు వేల ఏళ్ల కిందటి చేతిరాత ఒకటి దొరికి, అందులో సగం చెరిగిపోయి ఉంటే? అప్పుడు ఇదే తెలివి కొంప ముంచుతుంది. ఎందుకో ఈ కథ వింటే మీకే తెలుస్తుంది.

క్రీస్తు శకం 79. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైంది. పాంపే పేరు మీరు వినే ఉంటారు, సినిమాలు కూడా వచ్చాయి. దానికి కొంచెం దూరంలో సముద్రం ఒడ్డున హెర్కులేనియం అని ఇంకో ఊరు. చిన్న ఊరే గానీ డబ్బున్నవాళ్ల ఊరు. అక్కడ బాగా కలిగిన కుటుంబం ఒకటి పెద్ద బంగళా కట్టుకుంది. జూలియస్ సీజర్ మామగారు పీసో ఇల్లు అదేనని చాలామంది పండితులు అనుకుంటారు. ఆ ఇంట్లో పుస్తకాలున్నాయి. మనం అనుకునే పేజీల పుస్తకాలు కాదు. ఈజిప్టు నుంచి వచ్చే పపైరస్ రెల్లుతో చేసిన పొడవాటి కాగితాన్ని చాపలా చుట్టి పెట్టిన చుట్టలు. మీటర్ల కొద్దీ పొడవు, లోపల ఎక్కువగా గ్రీకులో చేతిరాత.

పర్వతం నుంచి దిగిన వేడి బూడిద, వాయువుల ప్రవాహం ఊరిని ముంచేసింది. ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. మామూలుగా కాగితానికి మంట తగిలితే భగ్గున అంటుకుని బూడిదైపోతుంది కదా. ఇక్కడ గాలి ఆడకుండా బూడిద కప్పేయడంతో చుట్టలు మండలేదు, మాడాయి. కట్టెల్ని మట్టి కప్పి కాలిస్తే బొగ్గు అవుతుంది చూడండి, అదే పద్ధతి. ఊరు 20 మీటర్లకు పైగా లోతులో పూడిపోయింది. పుస్తకాలు బొగ్గైపోయి అక్కడే ఉండిపోయాయి. ఇటలీలో మామూలుగా ఉండే తేమకి ఏ పపైరస్ పుస్తకమూ అన్ని శతాబ్దాలు నిలవదు. కాలిపోవడమే వీటిని కాపాడింది.

1750లో అక్కడ బావి తవ్వుతుంటే బంగళా బయటపడింది. అప్పటి నేపుల్స్ రాజు చార్లెస్ మనుషులు సొరంగాలు తవ్వి లోపలికి వెళ్లారు. వాళ్లకి కావాల్సింది పాలరాతి బొమ్మలు, కంచు విగ్రహాలు. 1752లో నల్లటి ముద్దలు కనిపిస్తే బొగ్గనుకున్నారు. కొన్నింటిని పారేశారు కూడా. నిప్పుల మీద పెట్టి మరిచిపోయిన మొక్కజొన్న పొత్తు ఎలా ఉంటుందో ఊహించుకోండి, అచ్చం అలా ఉంటాయి. తర్వాత ఎవరికో వాటి మీద అక్షరాలు కనిపించాయి. చుట్టలూ ముక్కలూ కలిపి మొత్తం 1,800కి పైగా లెక్క తేలాయి. ప్రాచీన గ్రీకు, రోమన్ ప్రపంచం నుంచి ఉన్నది ఉన్నట్టు మనకి మిగిలిన గ్రంథాలయం ఇదొక్కటే.

సరే, పుస్తకం దొరికింది. తెరిచి చదవాలి. ఎలా?

మీరు ఎప్పుడైనా ఆత్రేయపురం పూతరేకు మడత విప్పడానికి ప్రయత్నించారా? తాజాదే చేతిలో పొడి అవుతుంది. అలాంటిది మాడిపోయి, నలిగి, పొరలన్నీ అతుక్కుపోయిన పూతరేకును విప్పాలి, ఒక్క ముక్క కూడా పోకూడదు. అదీ వాళ్ల ముందున్న పని. మొదట బాధ్యత తీసుకున్న కామిల్లో పాదెర్ని అనే ఆయన కత్తి పట్టుకున్నాడు. చుట్టని నిలువునా కోసి రెండు చెక్కలు చేశాడు. మధ్యలో గట్టిగా ఉన్న మూల భాగాన్ని పక్కన పెట్టి, పై చెక్కలో కనిపించిన పొరని చూడటం, దాన్ని గీకేయడం, కింది పొర చూడటం. చదివేకొద్దీ పుస్తకం మాయమవుతుంది అన్నమాట!

1753లో వాటికన్ నుంచి ఆంటోనియో పియాజ్జో అనే పాత రాతల నిపుణుడైన ఫాదర్‌ని పిలిపించారు. ఈయన చాలా ఓపిక మనిషి. ఒక చెక్క యంత్రం తయారు చేశాడు. చుట్టని పట్టుదారాలతో వేలాడదీసి, వెనక వైపు జంతువు పేగు నుంచి తీసిన పల్చటి పొరని జిగురుతో అంటించి, చుట్ట తన బరువుకి తనే మెల్లగా విచ్చుకునేలా చేశాడు. రోజుకి కొన్ని మిల్లీమీటర్లు. మొదటి చుట్టకి సుమారు నాలుగేళ్లు పట్టింది. నాలుగేళ్లు కూర్చుని తెరిస్తే లోపల ఏముంది? ఫిలోడిమస్ అనే తత్వవేత్త సంగీతం గురించి రాసిన పుస్తకం. అది అచ్చయ్యేసరికి 1793 వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న మనుషుల దగ్గరికి వచ్చాం. చరిత్రలో వాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పొర తెరుచుకోగానే దాని బొమ్మ గీసి పెట్టుకోవాలి. కెమెరాలు లేవు, పొరేమో పొడైపోతుంది. దాని కోసం నేపుల్స్‌లో చిత్రకారుల్ని పెట్టుకున్నారు. మాడిన కాగితం మీద ఏ గీత ఎక్కడుంటే అక్కడ అదే గీత కాగితం మీద పెన్సిల్‌తో గీయడం వాళ్ల పని. వాళ్లకి గ్రీకు రాదు.

వినడానికి లోపంలా ఉంది కదా? కానీ అదే వాళ్ల అర్హత. గ్రీకు వచ్చినవాడైతే సగం చెరిగిన అక్షరం దగ్గర ఆగుతాడు, "ఇది ఫలానా మాట అయ్యుంటుంది" అనుకుంటాడు, చెయ్యి తనకి తెలియకుండానే ఆ మాటని పూర్తి చేసేస్తుంది. మన ఫోన్ కీబోర్డు చేసేది అదే. గ్రీకు రానివాడికి ఆ ప్రమాదం లేదు. ఉన్న గీతని గీస్తాడు, లేని చోట ఖాళీ వదిలేస్తాడు. అసలు పొరలు పోయి, వాళ్లు గీసిన బొమ్మలు మాత్రమే మిగిలిన చోట ఈ రోజుకీ పండితులకి అవే సాక్ష్యం.

తెలుగులో "మక్కికి మక్కి" అని ఒక మాటుంది. తెలివి పెట్టకుండా ఉన్నది ఉన్నట్టు దించేసేవాణ్ని అలా వెక్కిరిస్తాం. హిందీలో మక్కీ అంటే ఈగ. పాత కాగితం మీద చచ్చి అతుక్కుపోయిన ఈగ ఉంటే, నకలు తీసే గుమాస్తా ఇంకో ఈగని వెతికి పట్టుకొచ్చి తన కాగితం మీదా అదే చోట అతికించాడట. ఎగతాళి కథే. కానీ పాత రాతల్ని కాపాడే పనిలో ఆ గుమాస్తా లాంటివాడు దొరకడం అదృష్టం, నన్నడిగితే.

ఎందుకో మన తాళపత్రాల సంగతి చూస్తే అర్థమవుతుంది. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పూసేవాళ్లు. ఆకు పురుగు పట్టేలోపు ఇంకో ఆకు మీదికి నకలు తీయాలి, లేకపోతే కావ్యం పోతుంది. అలా ఒక చేతి నుంచి ఇంకో చేతికి వందల ఏళ్లు. కొందరు లేఖకులు చివర్లో ఒక మాట రాసి పెట్టేవాళ్లు: చూసిన ప్రతిలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పులుంటే దోషం నాది కాదు అని. మక్కికి మక్కి ప్రమాణం! అయితే అందరూ ఆ మాట మీద నిలబడలేదు. పద్యం వచ్చిన లేఖకుడికి ఒక పాదం నచ్చకపోతే సరిచేసేస్తాడు. తనకి తెలిసిన ఇంకో పద్యం కలిపేస్తాడు. 1820లలో బ్రౌన్ దొర వేమన పద్యాలు సేకరిస్తే, ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ పొంతన కుదరలేదు. పండితుల్ని తన సొంత జీతం మీద పెట్టుకుని, ప్రతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూసి, 1829లో పుస్తకం వేయించాడు. తెలివైన నకలు రాయసగాళ్ల వల్ల ఆయన పడ్డ తిప్పలవి.

మళ్లీ నేపుల్స్‌కి వెళ్దాం. తర్వాత వందేళ్లలో చాలామంది చెయ్యి పెట్టారు. ఆరు చుట్టల్ని నెపోలియన్‌కి కానుకగా పంపారు. కొన్ని ఇంగ్లండు యువరాజుకి వెళ్లాయి, వాటిలో కొన్ని ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాయి. హంఫ్రీ డేవీ తెలుసు కదా, గని కార్మికుల సేఫ్టీ ల్యాంపు చేసిన సైంటిస్టు, ఆయన కూడా నేపుల్స్ వెళ్లి రసాయనాలతో ప్రయత్నించి, పెద్దగా ఫలితం లేక వెనక్కి వచ్చేశాడు. ప్రతి కొత్త పద్ధతికీ కొన్ని చుట్టలు బలి. చివరికి బుద్ధి వచ్చిందో, విసుగొచ్చిందో, కొన్ని వందల చుట్టల్ని అలాగే వదిలేశారు. ఆ రోజు వాళ్లు ఆగకపోతే నాకు ఈ ఎపిసోడ్ చేసే పనే ఉండేది కాదు.

మా తాతగారింట్లో అటక మీద ఒక తాటాకుల కట్ట ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు దారం గట్టిగా లాగితే రెండు ఆకులు అక్కడికక్కడే విరిగాయి. ఎవరూ తిట్టలేదు. అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు మరి. తర్వాత పుష్కరాలకి ఆ కట్టని గోదావరిలో కలిపేశారు. భక్తితోనే చేశారు, ఇప్పుడు ఎవర్ని ఏమనగలం! పాదెర్ని కత్తి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ చప్పుడు గుర్తొస్తుంది.

ఇక కంప్యూటర్లు. 1999లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు, అప్పటికే తెరిచిన ముక్కల్ని పరారుణ కాంతిలో ఫొటో తీశారు. మన కంటికి నలుపు మీద నలుపుగా ఉన్న చోట అక్షరాలు తేలాయి. బాగుంది. కానీ తెరవని చుట్టల సంగతి?

కెంటకీ యూనివర్సిటీలో బ్రెంట్ సీల్స్ అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆయన ఆలోచన సింపుల్. తలకి దెబ్బ తగిలితే డాక్టరు పుర్రె కోసి చూడడు కదా, సీటీ స్కాన్ రాస్తాడు. ఎక్స్-రేతో శరీరాన్ని బ్రెడ్ ముక్కల్లాగా పొరలు పొరలుగా ఫొటో తీసి, కంప్యూటర్ వాటిని కలిపి మూడు కొలతల బొమ్మ చేస్తుంది. పుస్తకానికీ అలాగే స్కాన్ తీసి, ఆ బొమ్మలో చుట్ట పొర ఎటు తిరిగిందో వెతికి పట్టుకుని, దాన్ని కంప్యూటర్‌లోనే చాపలా పరిస్తే? అసలు పుస్తకం పెట్టెలోనే ఉంటుంది, ఎవరూ వేలు పెట్టరు.

ఇది పని చేస్తుందని ముందు వేరే చోట రుజువైంది. ఇజ్రాయెల్‌లో మృత సముద్రం పక్కన ఎన్-గెడి అనే చోట 1970లో కాలిపోయిన తోలు చుట్ట ఒకటి దొరికింది. ముట్టుకుంటే పొడి. నలభై అయిదేళ్లు అలమరలో ఉంది. 2015లో దాని స్కాన్‌ని సీల్స్ గారి బృందం కంప్యూటర్‌లో విప్పితే హీబ్రూ అక్షరాలు స్పష్టంగా వచ్చాయి. బైబిల్లోని లేవీయకాండం, మొదటి అధ్యాయాలు. చర్చికి వెళ్లే మన ఫ్రెండ్స్ ఇంట్లో తెలుగులో చదువుకునే భాగమే.

మరి హెర్కులేనియం చుట్టల్ని కూడా అలాగే స్కాన్ చేస్తే సరిపోతుంది కదా? 2009లోనే ప్యారిస్‌లో రెండింటికి చేశారు. పొరలు కనిపించాయి. అక్షరం ఒక్కటి కూడా కనిపించలేదు. ఎన్-గెడి సిరాలో లోహం ఉంది, ఎక్స్-రేలో అది మెరుస్తుంది. హెర్కులేనియం సిరా దీపం మసి, అంటే కార్బన్. కాగితమేమో మాడి కార్బన్ అయిపోయింది. బొగ్గు గోడ మీద బొగ్గుతో రాసినట్టు. ఎక్స్-రేకి రెండూ ఒకటే.

2019లో రెండు చుట్టల్నీ, కొన్ని విడి ముక్కల్నీ ఇంగ్లండులోని డైమండ్ లైట్ సోర్స్ అనే కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ కణాల్ని వేగంగా పరిగెత్తించి చాలా బలమైన ఎక్స్-రేలు పుట్టిస్తారు. ఒక్కో చుక్క సుమారు 8 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో దాదాపు పదో వంతు. అంత దగ్గరగా చూస్తే సిరా రంగులో తేడా లేకపోయినా, దాని ఆకారంలో ఏదైనా తేడా ఉంటుందని సీల్స్ గారి ఆశ. సిరా కాగితంలోకి పూర్తిగా ఇంకిపోదు, పైన పల్చగా పేరుకుంటుంది కదా. ఆ తేడాని మన కన్ను పట్టలేకపోయినా, మెషిన్ లెర్నింగ్‌తో పట్టించొచ్చు. దీనికి విడి ముక్కలు పనికొచ్చాయి. వాటి మీద సిరా ఎక్కడుందో పరారుణ ఫొటోలో తెలుసు. అదే ముక్కకి ఎక్స్-రే స్కాన్ కూడా ఉంది. అంటే ప్రశ్నపత్రమూ ఉంది, కీ పేపరూ ఉంది. "ఈ చోట సిరా ఉంది, ఈ చోట లేదు" అని చూపించుకుంటూ కంప్యూటర్‌కి నేర్పించొచ్చు.

నేర్పించారు. కొంత పని చేసింది కూడా. కానీ ఒక ల్యాబులో నలుగురు చేస్తే ఎన్నేళ్లు పడుతుందో! అందుకని 2023 మార్చిలో సీల్స్ గారు, నాట్ ఫ్రీడ్‌మన్, డేనియల్ గ్రాస్ అనే ఇద్దరు టెక్ పెట్టుబడిదారులతో కలిసి వెసూవియస్ ఛాలెంజ్ అని పోటీ పెట్టారు. స్కాన్‌లన్నీ నెట్‌లో పెట్టేశారు. ఎవరైనా దించుకోవచ్చు. 2023 ముగిసేలోపు ఒక్కోటి 140 అక్షరాల చొప్పున నాలుగు భాగాలు చదివించినవాళ్లకి 7 లక్షల డాలర్లు. అప్పటి లెక్కలో దాదాపు 5.8 కోట్ల రూపాయలు.

నాకు ఈ కథలో బాగా నచ్చే మనిషి కేసీ హాండ్మర్. ఈయన ఫిజిక్స్ చదివినాయన. మోడల్స్ జోలికి పోకుండా, పరిచిన పొరల ఫొటోల్ని గంటల తరబడి ఊరికే చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తుంటే కొన్ని చోట్ల ఉపరితలం తేడాగా అనిపించింది. ఎండాకాలం చెరువు ఎండితే అడుగున బురద పెచ్చులు పెచ్చులుగా పగులుతుంది చూడండి, అలాంటి పగుళ్లు. ఆ పగుళ్లు వరసగా ఒక గీతలా, గీత ఒక అక్షరంలా ఉంది. సిరా ఎండి పగిలిన చోటది! కంప్యూటర్లకి కోట్లు పోసిన పనిలో మొదటి గట్టి ఆధారాన్ని పట్టుకున్నది మనిషి కన్నే.

ల్యూక్ ఫారిటర్ అనే 21 ఏళ్ల కుర్రాడు అప్పుడు స్పేస్‌ఎక్స్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాడు. ఒక పాడ్‌కాస్ట్‌లో ఈ పోటీ గురించి విన్నాడు. హాండ్మర్ చెప్పిన పగుళ్లని పట్టుకుని, వాటిని గుర్తుపట్టేలా ఒక మోడల్‌కి నేర్పించాడు. కొత్తగా నాలుగు గీతలు దొరికితే వాటితో మళ్లీ నేర్పించడం, ఇంకో నాలుగు దొరకడం. ఆగస్టులో ఒక రాత్రి పార్టీలో ఉండగా, చుట్టలో కొత్త భాగం అప్‌లోడ్ అయిందని మెసేజ్ వచ్చింది. ఫోన్ నుంచే తన రూమ్‌లో ఉన్న కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యి మోడల్ రన్ చేసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గంట తర్వాత తీసి చూస్తే స్క్రీన్ మీద మూడు గ్రీకు అక్షరాలు. అగ్నిపర్వతం పేలిన రోజు నుంచి ఎవరూ చూడని అక్షరాలు, మీ చేతిలో ఉన్నలాంటి ఫోన్‌లో.

అక్టోబరులో పండితులు ఆ చోట ఒక పూర్తి మాటని ఖాయం చేశారు. పోర్ఫిరాస్. అంటే ఊదా రంగు. రాజులు, పెద్దమనుషులు కట్టుకునే ఖరీదైన రంగు బట్టల మాట. ల్యూక్‌కి 40,000 డాలర్లు ఇచ్చారు. యూసెఫ్ నాదెర్ అని ఈజిప్టు కుర్రాడు, బెర్లిన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. అతను వేరే దారిలో, వేరే మోడల్‌తో అదే చోట అవే అక్షరాలు ఇంకా స్పష్టంగా తీశాడు. పపైరస్ పుట్టిన దేశం కుర్రాడు కావడం నాకు భలే అనిపిస్తుంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరికి ఒకే మాట రావడం చాలా ముఖ్యమైన విషయం, దానికి ఇప్పుడే వస్తాను.

ఎందుకంటే మీకు ఇప్పటికే అనుమానం వచ్చి ఉండాలి. ఏఐ కదా, కల్పించి చెప్పిందేమో? మనం చాట్‌బాట్‌ని ఏదైనా అడిగితే, తెలియకపోయినా ఎంత నమ్మకంగా చెబుతుందో రోజూ చూస్తున్నాం. రేపు దానికి మాడిన పుస్తకం చూపిస్తే, గ్రీకు సాహిత్యమంతా చదివేసింది కాబట్టి అందంగా నాలుగు పేజీలు రాసి ఇస్తుంది. అందులో ఫిలోడిమస్ ఎంత, కీబోర్డు ఎంత?

ఈ పోటీలో వాడిన మోడల్స్‌కి గ్రీకు రాదు. రాకుండా చేశారు. ఆల్ఫా ఎలా ఉంటుందో, బీటా ఎలా ఉంటుందో దానికి ఎవరూ నేర్పలేదు. అది ఒకసారికి చూసే గడి ఒక అక్షరం కన్నా చాలా చిన్నది. ఆ గడిలో సిరా ఉందా, లేదా? అంతే, దానికి తెలిసిన ప్రపంచమంతా అదే. పక్క గడి సంగతి దానికి పట్టదు. అలా లక్షల గడులకి విడివిడిగా చెప్పిన జవాబుల్ని పక్కపక్కన పేరిస్తే, అందులో మనకి అక్షరం కనిపిస్తుంది. అక్షరం ఎలా ఉంటుందో తెలియనివాడు అక్షరాన్ని కల్పించలేడు కదా. నేపుల్స్ చిత్రకారులు గుర్తొచ్చారా? రెండున్నర శతాబ్దాల తర్వాత అదే కొలువు, అదే అర్హత. మక్కికి మక్కి. ల్యూక్ మోడల్, యూసెఫ్ మోడల్ రెండూ ఇద్దరు వేర్వేరు గుమాస్తాలు, ఇద్దరూ ఈగని ఒకే చోట అతికించారు.

భాష తెలిసిన ఏఐకి పని లేదని కాదు. 2022లో డీప్‌మైండ్ వాళ్లు ఇథాకా అనే మోడల్ చేశారు. గ్రీకు రాతి శాసనాల్లో విరిగిపోయిన చోట ఏ మాట ఉండొచ్చో అది సూచిస్తుంది. వాళ్ల పరీక్షలో చరిత్రకారులు తమంతట తాము చేస్తే 25 శాతం సరిపోయాయి, మోడల్ ఒక్కటే చేస్తే 62, ఇద్దరూ కలిసి చేస్తే 72. చాలా పెద్ద తేడా. కానీ అది రెండో అంకం. ముందు రాయి మీద ఏముందో తేలాలి, తర్వాతే ఏం ఉండొచ్చు అన్న ఊహ. ఈ రెండింటినీ కలిపేయకూడదని పండితులు 1931లోనే లైడెన్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. పోయిన చోట తాము ఊహించి పెట్టిన అక్షరాలకి చుట్టూ చదరపు బ్రాకెట్ వేస్తారు. కనిపించీ కనిపించని అక్షరం కింద చుక్క పెడతారు. మన ఫోన్ కీబోర్డు ఇచ్చే మాటలకి అలాంటి బ్రాకెట్ ఏదీ ఉండదు, అదీ తేడా.

2023 డిసెంబరు చివరికి ల్యూక్, యూసెఫ్, స్విట్జర్లాండ్‌లో రోబోటిక్స్ చదివే జూలియన్ షిల్లిగర్ ముగ్గురూ ఒక జట్టుగా కలిసి తమ ఫలితం పంపారు. 2024 ఫిబ్రవరి 5న బహుమతి వాళ్లకేనని ప్రకటించారు. 2,000కి పైగా అక్షరాలు. చుట్ట మొత్తంలో అది 5 శాతం మాత్రమే. ఇంకో మాట, ఈ ముగ్గురి పేర్లే వార్తల్లో వచ్చాయి గానీ, స్కాన్ బొమ్మలో పొర వెంట పొర మౌస్‌తో గీసుకుంటూ నెలల తరబడి పరిచిన బృందం ఒకటుంది. పియాజ్జో పట్టుదారాల ఓపిక వాళ్లది. ఆ పరిచిన కాగితం లేకపోతే ఏ మోడలూ చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. చదివిందేమో కంప్యూటర్ కాదు, గ్రీకు పపైరస్‌ల మీద జీవితాలు గడిపిన పండితులు. పదాల మధ్య ఖాళీ కూడా ఉండదు ఆ రాతలో, మన తాళపత్రాల్లో లాగే. ఎక్కడ విరవాలో తెలియడానికే ఏళ్ల చదువు కావాలి.

ఇంతకీ ఏముంది అందులో? రాసింది ఫిలోడిమస్సే కావచ్చంటున్నారు. విషయం సుఖం. తిండి, సంగీతం లాంటివాటిలో మనకి కలిగే ఆనందం. ఒక వస్తువు అరుదుగా దొరికితే, అందుకే అది ఎక్కువ ఆనందం ఇస్తుందా అని ఆయన ప్రశ్న. అంటే చూడండి, అరటిపండు ఏడాదంతా దొరుకుతుంది, బంగినపల్లి మామిడి వేసవిలో మాత్రమే. మామిడి అంత రుచిగా అనిపించడం దాని రుచి వల్లా, పది నెలలు ఎదురుచూడటం వల్లా? అరుదైనది కాబట్టే గొప్పదని వెంటనే అనుకోనక్కర్లేదని ఆయన వైపు మొగ్గు. ప్రపంచంలోకెల్లా అరుదైన పుస్తకంలో ఈ మాట దొరకడం చూసి నేను నవ్వుకున్నాను.

కొందరు నిరాశపడ్డారు కూడా. పోయిన నాటకాలో, అరిస్టాటిల్ సంభాషణలో దొరుకుతాయనుకుంటే, మళ్లీ ఫిలోడిమస్సేనా అని. నిజమే, ఆ గది నిండా ఎక్కువగా ఆయన పుస్తకాలే. కానీ ఆ బంగళాని ఇంకా పూర్తిగా తవ్వలేదు. కింది అంతస్తుల్లో ఏముందో ఇంకా పూర్తిగా తెలియదు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న చుట్టల్లో ఒకదాని సంగతి చెప్పి ఆపేస్తాను. దాని సిరా ఎందుకో ఎక్స్-రేలో కొంచెం బాగా కనిపించింది. 2025లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌కి చెందిన ఇద్దరు యువకులు దాని పేరు పట్టుకున్నారు. చుట్టలో పుస్తకం పేరు మొదట ఉండదు, చివర ఉంటుంది. మన ప్రబంధాల్లో ఆశ్వాసం చివర గద్యలో కవి తన పేరు చెప్పుకున్నట్టే. చివర అంటే చుట్టకి బాగా లోపల, మధ్య బొడ్డు దగ్గర. పాదెర్ని కత్తితో కోసి పక్కన పెట్టేసిన గట్టి మూల భాగం ఉంది కదా, సరిగ్గా అలాంటి చోట. తెరవకుండానే అక్కడిదాకా వెళ్లి చదివారు: రాసినవాడు ఫిలోడిమస్, పుస్తకం పేరు "దుర్గుణాల గురించి". అది చాలా సంపుటాల గ్రంథం. ఇది ఎన్నో సంపుటమో చెప్పే అంకె దగ్గర మాత్రం సిరా సరిగ్గా తేలలేదు. పండితులు ఇంకా తేల్చుకుంటున్నారు.

సరే ఫ్రెండ్స్, మీ ఇంట్లో, మీ ఊళ్లో ఎవరింట్లోనైనా తాటాకుల కట్ట ఉంటే దారం లాగకండి. ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసి నాకు పంపండి. వచ్చే ఎపిసోడ్ వాటి మీదే చేద్దాం. ఉంటాను.